ఒకే నీళ్లు, ఒకే కిటికీ: ఒక ఫెర్న్ కళకళ, ఇంకొకటి మాడిపోతోంది (అనంతపురం)

సూదీదారం, అనంతపురం | ఏప్రిల్ 11

అందరికీ నమస్కారం. మేము సాయినగర్‌లో మేడమీద పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. వరండాలో మెషీను, మెషీను పక్కన కిటికీ, కిటికీ చువ్వలకు రెండు కుండీలు. పొద్దస్తమానం సూది కొసనే చూస్తుంటే సాయంత్రానికి కళ్లు మండుతాయి. తలెత్తినప్పుడల్లా పచ్చగా ఏదో ఒకటి కనబడితే బాగుంటుందని కొన్నాను. అంతకుమించి మొక్కల గురించి నాకేమీ తెలియదు. కరివేపాకు చెట్టు కూడా ఎప్పుడూ పెంచలేదు.

రెండూ సంక్రాంతి అయిన వారం, తోపుడుబండి మీద మొక్కలు తెచ్చే ఆయన దగ్గర తీసుకున్నాను. ఒకటి 250, ఒకటి 150. రెండూ ఫెర్నులే అన్నాడు. 250ది బోస్టన్ ఫెర్న్ అట. మూరెడు పొడవు రెమ్మలు, రెమ్మకు రెండు పక్కలా చిన్న చిన్న ఆకులు, అచ్చం లేసు అంచులాగా. 150ది ఇంకో రకం అట. దాని ఆకులు సూదుల్లాగా సన్నగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే ఆకుపచ్చ పొగలాగా ఉంటుంది.

శివరాత్రి దాకా రెండూ బాగున్నాయి. ఆ తర్వాత బోస్టన్‌కు జబ్బు చేసింది. ప్రతి చిన్నాకు కొస గోధుమరంగు తిరుగుతోంది. ఇస్త్రీపెట్టె తగిలిన పాలిస్టర్ గుడ్డ ముడుచుకుపోతుంది చూడండి, అట్లా. కొస నుంచి లోపలికి పాకుతుంది, నాలుగైదు రోజులకు ఆకు రాలిపోతుంది. పొద్దున్నే ఊడిస్తే దారప్పోగులకంటే ఈ ఆకులే ఎక్కువ వస్తున్నాయి. పక్కనున్న సూదాకుల మొక్కేమో దిలాసాగా ఉంది. పైగా చిన్న చిన్న ఎర్ర పండ్లు కూడా కాసింది. మా పాప వాటిని గిల్లి బొమ్మలకు పెడుతోంది.

నీళ్ల విషయంలో ఏ లోటూ చేయలేదు. ఇంట్లో ఆర్వో మెషీను ఉంది. అందులోంచి వేస్టుగా పోయే నీళ్లను బకెట్లో పట్టి రెండింటికీ అవే పోస్తున్నాను, రోజూ చెరో చెంబు. మన జిల్లాలో నీళ్లు పారబోయడానికి చేతులు రావు కదా. మట్టి పైన ఎండినట్టున్నా వేలు పెట్టి చూస్తే లోపల తడిగానే ఉంటోంది. కుండీ అంచుకు మాత్రం తెల్లగా సున్నంలాగా పట్టింది, అది ప్లాస్టిక్ కుండీ వల్లేమో.

మా అత్తయ్య అంటుంది, "అది చలిదేశం మొక్కమ్మా, మన ఎండకు ఉంటుందా". నాకేమో పోనీలే అనబుద్ధి కావడం లేదు. ఒకే చోట, ఒకే నీళ్లతో ఒకటి బతికి ఒకటి ఎందుకు చస్తోంది? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

తుంగభద్రబాల్కనీ, కర్నూలు | ఏప్రిల్ 11

అక్కా సింపుల్. హ్యుమిడిటీ ప్రాబ్లమ్. రోజుకు నాలుగైదుసార్లు స్ప్రే బాటిల్‌తో కొట్టండి. ఎప్సమ్ సాల్ట్ అని మెగ్నీషియం ఉప్పు ఉంటుంది, అది ఒక స్పూను మట్టిలో వేయండి, పచ్చదనం వచ్చేస్తుంది. ఒక వీడియోలో చూశాను.

సూదీదారం, అనంతపురం | ఏప్రిల్ 11

స్ప్రే మొన్న చేశాను తమ్ముడూ. తుంపర ఎగిరి ఒక కస్టమర్ పట్టు బ్లౌజు ముక్క మీద పడింది. ఆ మరక పోగొట్టడానికి డ్రైక్లీనింగ్‌కు 120 కట్టాను. మెషీను దగ్గర స్ప్రే ఇంక కుదరదు.

మొక్కలపని, కర్నూలు | ఏప్రిల్ 12

అక్కా, ఎప్సమ్ సాల్ట్ వద్దు. ఆగండి. మీరు రాసిందాంట్లోనే జవాబు ఉంది.

నేను ఎనిమిదేళ్లు నర్సరీల్లో కూలీకి చేసి, ఇప్పుడు సొంతంగా మేడతోటలు వేసి ఇస్తున్నాను. ముందు ఒక విషయం. మీ 150 రూపాయల మొక్క ఫెర్న్ కాదు. ఆయన అబద్ధం చెప్పాడని అనను, నర్సరీల్లో అందరం దాన్ని ఆస్పరాగస్ ఫెర్న్ అనే పిలుస్తాం. పేరులోనే ఫెర్న్. ఎర్ర పండ్లు కాసిందన్నారు చూడండి, అక్కడే దొరికిపోయింది. ఫెర్న్‌కు పువ్వుండదు, పండుండదు, విత్తనముండదు. కాడ మీద వేలితో కింది నుంచి పైకి నిమరండి, చిన్న ముళ్లు గుచ్చుకుంటాయి. అది మన పిల్లిపీచర, అదే శతావరి అంటారే, ఆ కుటుంబం. కుండీలోంచి ఎప్పుడైనా తీసి చూస్తే వేళ్లకు తెల్లటి గడ్డలు వేలాడుతుంటాయి. నీళ్లు వాటిలో దాచుకుంటుంది. అందుకే మీరు ఏం చేసినా తట్టుకుంటోంది. పాపను ఆ పండ్లు నోట్లో పెట్టుకోనివ్వకండి, కడుపులో వికారం చేస్తాయి. ఇంట్లో పిల్లి ఉన్నా జాగ్రత్త. బోస్టన్‌తో ఆ భయం లేదు.

ఇక బోస్టన్ సంగతి. దాన్ని ఎండ చంపడం లేదు, మీ నీళ్లు చంపుతున్నాయి. కోపం తెచ్చుకోకండి. ఆర్వో మెషీను ఏం చేస్తుంది? బోరునీళ్లలో ఉన్న ఉప్పులన్నీ తీసి, మంచినీళ్లు ఒక పైపులోకి, ఆ తీసిన ఉప్పులతో కలిసిన నీళ్లు రెండో పైపులోకి పంపుతుంది. మీరు ఆ రెండో పైపు నీళ్లు పోస్తున్నారు. అంటే బోరునీళ్లకంటే ఉప్పు ఎక్కువ. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. రోజుకు ఒక చెంబు, మూడు నెలలు. కుండీ అంచున తెల్లగా పేరుకుంది అదే. ప్లాస్టిక్ తప్పేం లేదు.

ఫెర్న్ వేళ్లు వెంట్రుకల్లాగా సన్నగా ఉంటాయి, పైపైనే ఉంటాయి. మట్టిలో ఉప్పు పెరిగితే తడి ఉన్నా వేళ్లు పీల్చుకోలేవు. మీరు వేలు పెడితే తడి తగలడం, ఆకేమో దాహంతో ఎండినట్టు కొసనుంచి మాడడం, రెండూ ఒకేసారి అందుకే. అది చూసి జనం ఇంకో చెంబు పోస్తారు. అది ఇంకా ఉప్పు.

మీ ఆర్వో రిపేరుకు వచ్చే అబ్బాయి జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది, నీళ్లలో ఎంత ఉప్పు కరిగి ఉందో అంకెలో చూపిస్తుంది. వచ్చినప్పుడు మూడు గ్లాసుల్లో బోరునీళ్లు, మంచినీళ్లు, వేస్టు నీళ్లు పెట్టి చూపించమనండి. అంకెలు ఇక్కడ రాయండి. అప్పుడు మాట్లాడుకుందాం.

బావిగట్టు, కడప జిల్లా | ఏప్రిల్ 12

అమ్మా, పై తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్లు సరి. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. మీ అత్తయ్యగారి మాట మీద ఒక ముక్క చెప్పాలనిపించింది. చలిదేశం మొక్క కాదమ్మా అది. పేరులో ఉన్న బోస్టన్ ఊరే చలిది. నెఫ్రోలెపిస్ ఎగ్జాల్టాటా అనే ఈ జాతి అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాల చిత్తడి నేలల్లో పెరిగేది. 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు పంపిన మొక్కల్లో ఒకటి మిగతావాటిలాగా నిటారుగా కాకుండా రెమ్మలు వాల్చుకుని, ఒంపుగా కనిపించింది. దాన్ని పెంచి అమ్మడం మొదలుపెట్టారు. అట్లా బోస్టన్ పేరొచ్చింది. కాబట్టి దానికి వేడంటే భయం లేదు. పొడిగాలి అంటే భయం. మనకు రెండూ కలిసి వస్తాయి, అదే చిక్కు.

ఇంకో మాట. మన సీమలో ఫెర్న్ బతకదు అనేవాళ్లను చూస్తే నాకు మా ఊరి దిగుడుబావి గుర్తొస్తుంది. జమ్మలమడుగు వైపు మా ఊరు. బావిలోకి పదిహేను ఇరవై మెట్లు దిగాక, నీళ్లకు రెండు మూరల పైన, రాళ్ల సందుల్లో గుత్తులు గుత్తులుగా ఉండేది. ఆకు కొత్తిమీరలాగా, కాడ మాత్రం నల్లగా, నూనె రాసిన జడపోగులాగా మెరిసేది. మేము ఈతకు దిగినప్పుడు ఒక రెమ్మ తెంపి నీళ్లలో ముంచేవాళ్లం. ఎంతసేపు ముంచి తీసినా తడవదు. చుక్కలు ముత్యాల్లాగా దొర్లిపోతాయి. అదేదో మంత్రమనుకునేవాళ్లం. తర్వాత కాలేజీలో తెలిసింది, దాని పేరు అడియాంటమ్, గ్రీకులో ఆ మాటకు తడవనిది అని అర్థమట. హంసపది అని వైద్యులు వాడేది కూడా ఈ జాతిదే. మండువేసవిలో బావి గట్టు మీద కాలు పెట్టలేం, పది మెట్లు కింద ఆ గోడ మాత్రం చెమర్చి ఉండేది. అంత నీడ, అంత చెమ్మ ఇస్తే మన దగ్గరే అడవిలాగా పెరిగింది. ఊళ్లో బోర్లు పడ్డాక బావి ఎండింది. ఇప్పుడు అందులో చెత్త వేస్తున్నారు.

ఆ బావిగోడ సున్నపుగచ్చుతో కట్టింది. సున్నంలోనే అది హాయిగా వేళ్లూనింది. కాబట్టి సున్నమంతా విషమని అనుకోవద్దు. సున్నం వేరు, ఉప్పు వేరు. బోరు నీళ్లలో కొన్నిచోట్ల సోడియం ఎక్కువ, దాన్నే మొక్క ఓర్చుకోదు.

మన కొండల్లో బండల సందుల్లో జానెడుకంటే తక్కువ ఎత్తు, విసనకర్ర విప్పినట్టుండే మయూరశిఖి ఉంటుంది. అదీ ఫెర్నే. ఎండాకాలం ముడుచుకుని గడ్డిపరకలాగా పడి ఉంటుంది, వాన పడగానే విచ్చుకుంటుంది. చూస్తే పీకి తేవద్దు, కుండీలో ఉండదు. అంతెందుకు, మీ ఊళ్లవైపు రైతులు టార్పాలిన్ గుంతల్లో పశువులకు పెంచే అజోల్లా ఉంది కదా. నీటి మీద తేలే ఆ పచ్చటి తెట్టు కూడా ఫెర్నే.

సూదీదారం, అనంతపురం | ఏప్రిల్ 15

అన్నా, నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. పుణ్యమనుకుని చేసిందేమో ఇది.

ఆర్వో అబ్బాయి నిన్న వచ్చాడు. బోరునీళ్లు 840. తాగే నీళ్లు 60. నేను పోస్తున్నవి 1260. ఆ అంకె చూసి వాడే, "అక్కా ఇవి బండలు తుడిచే నీళ్లు, మొక్కలకు పోస్తారా" అన్నాడు. మా అత్తయ్య పక్కనే ఉంది. నేను ఏం చెప్పాలి!

ముళ్లు చూశాను, నిజంగానే ఉన్నాయి. గుచ్చుకున్నాయి కూడా. పండ్లన్నీ కోసి పారేశాను. మా తమ్ముడు ధర్మవరం దగ్గర బర్రెలకు అజోల్లా పెంచుతాడు. నువ్వు నాకంటే ముందే ఫెర్న్ పెంచావురా అని ఫోన్లో చెబితే, ఎండకు నీకు మెదడు కరిగిందా అన్నాడు. బావిగట్టు సార్, మీ బావి గురించి అత్తయ్యకు చదివి వినిపించాను. వాళ్ల పుట్టింటి ఊరి బావిలోనూ ఆ నల్లకాడల ఆకు ఉండేదట, పిల్లలు దాన్ని జడలో పెట్టుకునేవాళ్లట. ఇప్పుడు ఆవిడ కూడా మొక్క పక్షానికి వచ్చింది. కానీ తాగే నీళ్లు మొక్కకు పోస్తానంటే మాత్రం ఒప్పుకోవడం లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెప్పన్నా. సగం రెమ్మలు పోయాయి.

మొక్కలపని, కర్నూలు | ఏప్రిల్ 15

సగం ఉన్నాయంటే బతుకుతుంది.

మీ ఓనర్ వాళ్లకు ఏసీ ఉందా? దాని బయటి పైపు కింద బకెట్ పెట్టమని అడగండి. ఆ నీళ్లు గాలిలోని చెమ్మ చల్లబడి కారినవి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఒక్కటి గుర్తుంచుకోండి, మీ దగ్గర ఏప్రిల్‌లో గాలి పొడి, కాబట్టి కోస్తాలో వచ్చినన్ని రావు. రాజమండ్రిలో రాత్రికి బకెట్ నిండితే మీకు చెంబో రెండు చెంబులో వస్తాయి. ఒక్క కుండీకి అవి చాలు. వానలు మొదలయ్యాక మేడమీద గోలెం పెట్టుకుంటే ఇక దిగులు లేదు.

మొదటి రోజు మాత్రం ఎక్కువ నీళ్లు కావాలి. కుండీ దించి స్నానాల గదిలో ఒక జల్లెడ మీదనో రెండు ఇటుకల మీదనో పెట్టండి. కుండీ ఎంత ఉందో దానికి నాలుగైదు రెట్లు మంచినీళ్లు, నెమ్మదిగా, ఆగి ఆగి పోయండి. కింద కారే నీళ్లతో ఉప్పు కొట్టుకుపోతుంది. అత్తయ్యగారికి ఒక్కసారికే అని చెప్పండి. ఆ నీళ్లు కింద ప్లేటులో నిలవనివ్వకండి, మళ్లీ మట్టే పీల్చేస్తుంది. పూర్తిగా ఎండిన రెమ్మలను మట్టి దగ్గరికి కత్తిరించండి. కొస మాత్రమే మాడినవాటిని ఉంచండి, అవే ఇప్పుడు మొక్కకు అన్నం వండుతున్నాయి. మీ దగ్గర మంచి కత్తెర ఉంటుంది కాబట్టి ఆ మాట చెప్పక్కర్లేదు. గుడ్డ కత్తెర వాడతారేమోనని భయం, వద్దు.

ఎరువు ఇప్పుడేమీ వద్దు. ఎరువు కూడా ఉప్పే. ఎప్సమ్ సాల్ట్ వద్దన్నది అందుకే తమ్ముడూ, ఉప్పు ఎక్కువై చచ్చేదానికి ఇంకో స్పూను పెట్టమన్నావు నువ్వు. కొత్త రెమ్మలు వచ్చాక, వానాకాలంలో, 19:19:19 అనే ఎరువు ప్యాకెట్ మీద రాసినదాంట్లో పావు వంతు, నెలకోసారి. అంతే.

కుండీ ఇప్పుడే మార్చకండి. ఈ ఎండల్లో వేళ్లు కదిలిస్తే తట్టుకోదు. జూన్ ఆఖర్లో చేద్దాం. అప్పుడు మట్టి వద్దు, కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, ఎక్కువ. కోకోపీట్ ఇటుక కొన్నాక దాన్ని నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, అట్లా మూడుసార్లు చేయాలి. కొబ్బరి పీచులోనూ ఉప్పు ఉంటుంది, చవకరకంలో మరీ. రెండు పాళ్లు అది, ఒక పాలు మాగిన ఆకుల ఎరువు, ఒక పాలు బొగ్గుముక్కలో శనగగింజంత ఇటుకముక్కలో. మీ దగ్గర ఎర్రమట్టి, మా దగ్గర నల్లరేగడి, రెండూ కుండీలో గట్టిపడతాయి. రేగడైతే ఎండితే బీటలిస్తుంది, నీళ్లు ఆ బీటల్లోంచి జారిపోయి అడుగున కారిపోతాయి, వేళ్లకు తగలవు.

మీరు కొన్న మొక్క ఎక్కడిదో కూడా చెబుతాను. మనకొచ్చే అలంకరణ మొక్కలు చాలావరకు కడియం నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి కాలువల పక్కన, షేడ్‌నెట్ కింద, పొద్దున సాయంత్రం నీటి తుంపర్లలో పెరిగిన పిల్ల. దాన్ని తెచ్చి మీ మెషీను మీద తిరిగే ఫ్యాను కింద పెట్టాం. సంక్రాంతి చలికి ఓర్చుకుంది, మాఘం దాటాక నోరు ఎండింది. ఫ్యాను గాలి నేరుగా తగలకుండా మూలకు జరపండి. వేలాడదీయడం మానేసి కిందికి దించండి. గది పైభాగం ఎప్పుడూ వేడి.

కిటికీతోట, ప్రొద్దుటూరు | ఏప్రిల్ 16

నేను మూడు వేసవులుగా ఈ కథలోనే ఉన్నాను. రెండు బోస్టన్లు చంపుకున్నాక మూడోది నిలబడింది. మొక్కలపని తమ్ముడు ప్లాస్టిక్ కుండీ చాలన్నట్టు రాశాడు, నాకు మాత్రం అది పడలేదు. నేను చేసింది ఇది. మొక్క చిన్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని పెద్ద మట్టికుండలో దించాను. మధ్యలో ఖాళీలో ఇసుక. రోజూ ఆ ఇసుకను తడుపుతాను. మట్టికుండ చెమర్చి చల్లబడుతుంది, చుట్టూ చెమ్మ ఉంటుంది. ఇసుక తడపడానికి బోరునీళ్లయినా పరవాలేదు, మొక్క మట్టిలోకి మాత్రం వెళ్లకూడదు. రెండు కుండల మధ్య ఆ అరచెయ్యి మందం ఇసుకే నా ఫెర్న్ ప్రాణం.

మాది నాపరాళ్లు పరిచిన ఇల్లు. మేడ వరండాలో బండలు రాత్రి పది దాటినా కాళ్లు కాలుస్తాయి. కుండ కింద తడిపిన గోనెసంచి మడిచి వేస్తాను. ఏప్రిల్, మే రెండు నెలలు స్నానాల గది వెంటిలేటరు కింద దాని కాపురం. ఇంట్లో వాళ్లు స్నానం చేసినంతసేపూ దానికి ఆవిరి. మా ఆయన మొదట్లో సిగ్గుపడేవాడు, అలవాటైంది.

గడ్డి కూలర్ ఉంటే అది తిరిగే గదిలో పెట్టండి, ఎదురుగా కాదు, ఒక పక్కగా. ఏసీ గాలిని పొడిబారుస్తుంది, కూలర్ తడి గాలి ఇస్తుంది. వేరుశనగ పొట్టు మట్టి మీద రెండు వేళ్ల మందం పరిస్తే తడి ఆరదు. అనంతపురంలో మీకు అది కొనాల్సిన పని కూడా లేదు. చెదలు వస్తుందేమో అప్పుడప్పుడు ఎత్తి చూసుకోండి.

మొక్కలపని, కర్నూలు | ఏప్రిల్ 16

అక్కా, కుండలో కుండ మంచి పద్ధతే. బరువు చూసుకోండి. పాత మేడల పిట్టగోడల మీద తడి ఇసుక కుండలు పెట్టిన ఇళ్లను చూసి నాకు టెన్షన్ వచ్చిన రోజులున్నాయి.

తుంగభద్రబాల్కనీ, కర్నూలు | ఏప్రిల్ 16

సరే అన్నా, ఒప్పుకున్నా. ఎప్సమ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇప్పుడు నా ఫెర్న్ గురించి. నాది బర్డ్స్ నెస్ట్, ఆకులు వెడల్పుగా అరటాకు పిల్లల్లాగా, మధ్యలో గిన్నెలాగా ఉంటుంది. ఆ గిన్నెలో నీళ్లు పోస్తున్నాను, అడుగు నల్లబడుతోంది. ఇంకో ఆకు వెనక గోధుమరంగు గీతలు వచ్చాయి, పురుగేమోనని వేపనూనె కొట్టాను.

మొక్కలపని, కర్నూలు | ఏప్రిల్ 16

గిన్నెలో పోయకు, కుళ్లేది అందుకే. అంచుల వెంబడి మట్టిలో పోయి. కొత్తాకు పుట్టేది ఆ గిన్నె మధ్యలోంచే, అది కుళ్లితే మొక్క పోయినట్టే. ఆకు వెనక గీతలు వరసగా, అచ్చు వేసినట్టు ఒకే దూరంలో ఉంటే అవి పురుగు కాదు, సిద్ధబీజాలు. ఫెర్న్ వంశం ఎక్కువగా పెరిగేది వాటితో. పొలుసు పురుగైతే వరస తప్పి, ఎక్కడబడితే అక్కడ, కాడల మీద కూడా అంటుకుని ఉంటుంది, గోటితో గీకితే ఊడొస్తుంది. వేపనూనె ఫెర్న్‌కు మరీ పల్చగా తప్ప కొట్టకూడదు, ఆకు మాడుతుంది. మంచినీళ్లతో కడిగేసెయ్.

సూదీదారం, అనంతపురం | జూన్ 27

చాలా రోజులైంది, మన్నించండి. పెళ్లిళ్ల సీజన్‌లో తల ఎత్తలేదు.

ముందుగా మొక్క బతికింది. చివర నుంచి చెబుతున్నాను, అందరూ అదే అడుగుతారు కాబట్టి.

ఏప్రిల్ 17న కడిగాను. అత్తయ్య దగ్గరుండి రెండు బిందెలు లెక్కపెట్టి ఇచ్చింది, మూడోది ఇవ్వలేదు. ఓనర్ ఆంటీని ఏసీ నీళ్లు అడిగితే ఎందుకో అని అనుమానంగా చూసి, తర్వాత ఆవిడే రోజూ సాయంత్రం బకెట్ మెట్ల దగ్గర పెట్టేది. ఆ నీళ్లు కూడా మీటరు పెట్టి చూపించుకున్నాను, 22. అంత తేటగా ఉన్నా అత్తయ్య తాగొద్దని పాపకు గట్టిగా చెప్పింది. ఆర్వో వేస్టు నీళ్లు ఇప్పుడు బండలు తుడవడానికీ బాత్రూముకూ పోతున్నాయి, పారబోయడం లేదు.

మే మొదటి వారానికి మిగిలినవి ఏడే రెమ్మలు. స్నానాల గదిలోకి మార్చాను. మే 14 నుంచి నాలుగు రోజులు తాడిపత్రిలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. నీళ్లు పోసే వాళ్లు లేరు. నాకు తెలిసిన పని ఒకటే కదా. కాటన్ లైనింగ్ గుడ్డ రెండు వేళ్ల వెడల్పున మూరెడు ముక్క కత్తిరించి, తడిపి, ఒక కొస కుండీ మట్టిలోకి జానెడు లోతుకు గుచ్చి, ఇంకో కొస పక్కన ఎత్తుపీట మీద ఏసీ నీళ్ల డబ్బాలో వేశాను. ముందు రోజు పాలిస్టర్ గుడ్డతో చూస్తే పనిచేయలేదు, కాటనే పీలుస్తుంది. తిరిగొచ్చేసరికి డబ్బా సగమైంది, మట్టి తడిగా ఉంది.

జూన్ 6న ఒక మంచి వాన పడింది. ఆ రాత్రి కరెంటు లేకపోతే కొవ్వొత్తితో స్నానాల గదిలోకి వెళ్లాను. కుండీ మధ్యలో ఏదో కదిలినట్టు అనిపించి తేలు పిల్ల అనుకుని కెవ్వుమన్నాను. దగ్గరికి పెట్టి చూస్తే కొత్త రెమ్మలు. మూడు. బాబిన్‌కు దారం చుట్టినట్టు గుండ్రంగా చుట్టుకుని, వెండిరంగు నూగుతో. ప్రతి చుట్టలో ఇంకా చిన్న చుట్టలు ఉన్నాయి, ప్రతి చిన్నాకూ విడిగా మడిచి పెట్టినట్టు. రోజూ కొంచెం కొంచెంగా విప్పుకుంది. ముందు కాడ నిలబడుతుంది, తర్వాత కింది ఆకులు తెరుచుకుంటాయి, కొస చుట్ట ఆఖర్న. ముట్టుకోవద్దని పాపకు చెప్పి నేనే ఒకసారి ముట్టుకున్నాను. ఆ కొస నల్లబడి ఆగిపోయింది. ఆ ఒక్కటే.

మొన్న ఆదివారం కుండీ మార్చాను, మొక్కలపని అన్న చెప్పిన కొలతతో. కోకోపీట్ మూడుసార్లు పిండాను. మొదటి నీళ్లు డికాషన్‌లాగా వచ్చాయి. పొట్టు మా తమ్ముడు సంచెడు పంపాడు. ఇప్పుడు పదిహేను రెమ్మలు.

ఒక్క అనుమానం. కుండీ అంచుల నుంచి ఆకుల్లేని సన్నటి పచ్చదారాలు కిందికి వేలాడుతున్నాయి, జానెడు పొడవు. ఇవి వేళ్లా? కత్తిరించాలా? నాకు దారం వేలాడితే కత్తిరించకుండా ఉండలేని రోగం.

మొక్కలపని, కర్నూలు | జూన్ 27

అక్కా, కత్తెర కింద పెట్టండి! అవి పిల్లదారాలు. ఎక్కడ తడిమట్టి తగిలితే అక్కడ వేళ్లు వేసి కొత్త మొక్క పుడుతుంది. బోస్టన్‌కు సిద్ధబీజాలు వచ్చినా సాధారణంగా మొలకెత్తవు, దాని సంతానం ఈ దారాలతోనో, దుబ్బును చీల్చితేనో. పక్కన చిన్న కుండీ పెట్టి అదే కోకోపీట్ మిశ్రమం నింపి, దారాన్ని పైన పరిచి యూ ఆకారం పిన్నుతో నొక్కి పట్టండి. తల్లి నుంచి తెంపవద్దు. మూడు నాలుగు రెమ్మలు సొంతంగా వేశాకే కోయాలి.

కిటికీతోట, ప్రొద్దుటూరు | జూన్ 28

ఒకటి నాకు. వేళ్లు దిగాక కడప బస్సులో పంపండి, డబ్బు లేదు గానీ ఉగాదికి ఒక బ్లౌజు కుట్టించుకుంటాను.

సూదీదారం, అనంతపురం | జూన్ 28

రెండు దారాలు నొక్కాను. యూ పిన్ను కోసం వెతికి దొరక్క అత్తయ్య కొప్పులోంచి రెండు తీసుకున్నాను. మధ్యాహ్నం నిద్ర లేచి తల తడుముకుంటోంది, ఇంకా చెప్పలేదు.